ఒంటికాలి నెమళ్ళ రేవు

సముద్రం చూసొస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరాను. మా ఆడపడుచు నమ్మలేదు. బట్టల మార్కెట్టు, ఇంటి ముందు కొట్టు తప్ప ఒంటరిగా ఎక్కడికీ కదలని మనిషికి ఉన్నట్టుండి సముద్రం మీదికి మనసు మళ్ళిందేమిటని ఆవిడ అనుమానం. అనుమానం సరైనదే. నేను వెళ్ళింది సముద్రం కోసం కాదు. చనిపోయిన మా ఆయన తన జబ్బు సంగతి తెలిసే నా దగ్గర దాచాడా, లేదా అన్నది తేల్చుకోవడానికి వెళ్ళాను.

నాకు హెచ్.ఐ.వి. ఉంది. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చదవడం మీకు తేలిక, రాయడం నాకు తేలిక.

మాది చేనేత కుటుంబం. విజయవాడ భవానీపురంలో ఇంటి ముందుగదిలోనే చీరల వ్యాపారం. సరుకు ఎంచి, మడతపెట్టి, మూట కట్టడం నా పని. ఆ మూటలు పట్టుకుని చల్లపల్లి మీదుగా దివిసీమ లంకలదాకా తిరిగి అమ్ముకురావడం ఆయన పని. ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో చేర్చినప్పుడు చేసిన పరీక్షల్లో ఆయనకి, ఆ వెంటనే నాకు, ఈ సంగతి బయటపడింది. మందులు మొదలుపెట్టేలోపే ఆయన పోయాడు. నాకు మొదలుపెట్టారు.

అప్పట్లో ఇచ్చిన మాత్ర పడుకునేముందు వేసుకోవాలి. వేసుకున్న నాటి నుంచి కలలు. అందులో ఒకటి పదేపదే వచ్చేది. మా పాత ఇంట్లో మగ్గం గుంట నిండా నీళ్ళు. నడుముదాకా నీళ్ళలో ఒక ఆడమనిషి కూర్చుని నేస్తూ ఉంటుంది. పడుగు పోగుల మధ్యనుంచి సన్న చేపలు దూరి అవతలికి పోతుంటాయి. ఆమె ఇటు తిరగదు. "ఆ ట్యాబ్లెట్‌కి కలలు మామూలేనండీ, కంగారు పడకండి" అంది డాక్టరమ్మ. నా కంగారు కల గురించి కాదు. ఆ కల నాకు కొత్త కాదు. ఎన్నో ఏళ్ళ క్రితం, తిరుగుడు నుంచి వచ్చిన మా ఆయన నోట విన్నట్టు గుర్తు.

నెలలు గడిచినా నా ఒంట్లో వైరస్ తగ్గలేదు. "డోసులు మిస్సవుతున్నారా ఉమగారూ?" అని డాక్టరమ్మ వెళ్ళినప్పుడల్లా అడిగేది. ఒక్కపూట కూడా మానలేదని చెప్తే తల ఊపేది. ఆ ఊపులో నమ్మకం లేదు. నాకు ఒళ్ళు మండేది. చివరికి వైరస్ జన్యువులు చదివే పరీక్ష చేయించారు. అప్పుడు ఆవిడ చెప్పింది నాకు మగ్గం భాషలో అర్థమైంది.

మాకోసారి మగ్గం మీద బొమ్మ దింపే జకార్డ్ అట్టలో బెజ్జాలు తప్పుపడి, అంచులో నెమళ్ళన్నీ ఒంటికాలితో దిగాయి. అట్ట మార్చేదాకా ప్రతి నెమలిదీ ఒకే కాలు. వైరస్ కూడా తన నకళ్ళు తాను తీసుకుంటూ తప్పులు చేస్తుందట. చాలా తప్పులు ఎందుకూ పనికిరావు. కానీ మందు పడీపడనట్టు పడితే, మంచి నకళ్ళు చచ్చి, ఆ మందుకి లొంగని తప్పు నకలు ఒక్కటి మిగులుతుంది. ఇక అక్కణ్ణుంచి పుట్టేవన్నీ అలాంటివే. నాలో ఉన్నవి అవి.

"ఇంతకుముందు ఎప్పుడైనా ఈ మందు వాడారా?" అని అడిగింది.

"చచ్చినా వాడలేదు" అన్నాను.

"అయితే మీకు ఎవరినుంచి వచ్చిందో వాళ్ళు వాడి ఉండొచ్చు. లేదా వాళ్ళకి ఎవరినుంచి వచ్చిందో వాళ్ళు."

రెండో మాట నా చెవికెక్కలేదు. అవే కలలు, అదే మందు. అంటే ఆయన వాడాడు. వాడాడంటే ఆయనకి తెలుసు. తెలిసే పక్కన పడుకున్నాడు. డాక్టరమ్మ మందు మార్చింది. కొత్త మాత్ర పనిచేస్తోందో లేదో కొంతకాలం ఆగితే గానీ తెలియదంది. ఆ ఆగే రోజుల్లో ఇంట్లో ఆయన ఫొటో ముందు కూర్చోలేక బయల్దేరాను.

ఉయ్యూరు దాటాక

మంచు రోజులు. బస్సు కిటికీ అద్దం పడలేదు. కొంగు ముక్కుదాకా లాక్కుని కూర్చున్నాను. ఉయ్యూరు దగ్గర చెరకు లారీల వరస, తీపి కుళ్ళు వాసన. ఆ తర్వాత మంచులో ఏమీ లేదు. చేలు లేవు, కాలువ లేదు, రోడ్డు కూడా బస్సు ముందు కాసింతే ఉంది.

పక్కసీటు పెద్దాయన మాత్రం ఆ తెల్లటి శూన్యంలోకి వేలు చూపిస్తూ ఊళ్ళ పేర్లు చెప్పుకుంటూ పోయాడు. "ఇది పామర్రండీ. అదుగో, అటు తిరిగితే గుడివాడ. ఇది మా వియ్యాలవారి పొలం." నేను చూసేది ఒట్టి తెలుపు. ఆయనకి చూపు ఆనదని, అలవాటుకొద్దీ చెప్తున్నాడని దిగేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకున్న కండక్టరు చెప్పాడు. చెప్పిన ఊళ్ళన్నీ సరిగ్గా అవేనట.

చల్లపల్లి

మా ఆయన ప్రతి తిరుగుడులోనూ పేరెత్తే టిఫిన్ హోటలు బస్టాండుకి దగ్గరే. సత్యవతిగారు నడుపుతారు. పెసరట్టు పెద్దది, పల్చన, అంచులు కరకరలాడుతూ. అల్లం పచ్చడిలో బెల్లం ఓ పిసరు ఎక్కువ. మా విజయవాడలో కారానికే ఓటు, ఇక్కడ తీపికి కూడా కాస్త చోటిస్తారు. రెండోది తెప్పించుకున్నాను. దుఃఖంలో ఉన్నవాళ్ళకి ఆకలుండదని ఎవరన్నారో గానీ నాకైతే దంచేసేంత ఆకలి.

చీరలాయన భార్యనని చెప్పగానే సత్యవతిగారు గల్లా వదిలి వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ కట్టింది మా చీరే. కుచ్చిళ్ళు పడ్డ తీరు చూసి ఏ సాలెవారి సరుకో చెప్పగలను.

"పోయారని తెలిసిందండీ. ఎంత సరదా మనిషండీ. పొద్దున్నే వచ్చి కలలు చెప్పేవారు. మా వంటవాళ్ళు కూడా గరిటలు వదిలేసి వినేవాళ్ళు."

నా చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. "ఏం కలలండీ?"

"రకరకాలు. ఒకటి మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మగ్గం గుంటలో నీళ్ళంట. ఒకావిడ నీళ్ళలో కూచుని నేస్తందంట. పోగుల్లోంచి చేపలు పోతుంటాయంట. ఇటు తిరగమంటే తిరగదంట."

నేను నా కల ఎవరికీ చెప్పలేదు, డాక్టరమ్మకి కూడా వివరం చెప్పలేదు. అది పెసరట్ల పొగలో, ఊరుకాని ఊళ్ళో, ముక్కు మొహం తెలియని మనిషి నోట వచ్చింది. నీళ్ళు తాగాను.

"రోజూ చెప్పేవారా?"

"అబ్బే, రోజూ కాదండీ. నాంచారయ్య పడవెక్కి వచ్చిన మర్నాడే చెప్పేవారు. ఆ లంకల గాలి అలాంటిదేమో అనుకునేవాళ్ళం."

నాంచారయ్య పేరు నాకు తెలుసు. ఆయన పంపిన ఎండు రొయ్యలు మా ఇంట్లో ప్రతి ఏడూ సంక్రాంతి గడిచేదాకా ఉండేవి. అయితే మాత్ర అక్కడే ఉంది అనుకున్నాను. సత్యవతిగారు పెసరట్లకి డబ్బులు తీసుకోలేదు.

ఏటిమొగ రేవు

నాగాయలంక దాటి ఏటిమొగ చేరేసరికి ఎండ వచ్చింది గానీ మంచు పూర్తిగా విడవలేదు. లంకకి పడవల మీద బల్ల పరిచిన పంటు ఎక్కి దాటాలి. మోటారు సైకిళ్ళు, గడ్డిమోపులు, గ్యాసుబండలు, మనుషులు అందరూ ఒకే బల్ల మీద. కృష్ణ ఇక్కడ మన బ్యారేజీ దగ్గరి కృష్ణలా ఉండదు. ఒడ్డు ఏదో నది ఏదో తెలియదు. పాటు తీస్తోందట, నీళ్ళు చప్పుడు లేకుండా వెనక్కి పోతున్నాయి. మడచెట్ల వేళ్ళు బురదలోంచి చేతివేళ్ళ మాదిరే పైకి లేచి ఉన్నాయి.

పంటెక్కుతూ బురదలో కాలేసి ఎడమ చెప్పు పోగొట్టుకున్నాను. లాగుతుంటే బురద పట్టుకుని వదల్లేదు. ఎండుచేపల గంప పక్కన నిలబడ్డ ఆవిడ నవ్వింది. "వదిలెయ్యండమ్మా. అది తీసుకుందంటే ఇవ్వదు." రెండో చెప్పు సంచీలో పెట్టుకుని వట్టి కాళ్ళతో నిలబడ్డాను. అప్పుడు ఆవిడ చీర అంచు చూశాను.

నెమలి. ఒంటికాలి నెమలి.

రంగు వెలిసింది గానీ తప్పు వెలవలేదు. విజయవాడలో ఒక్కరూ కొనని ఆ సరుకంతా మా ఆయనే మూట కట్టుకుని ఇటు తెచ్చాడు. పంటు అవతలి ఒడ్డు చేరింది. చేపలు ఆరబెట్టే ఆవిడ చీరకి ఒంటికాలి నెమళ్ళు. పంపు దగ్గర బిందె ఎత్తుకున్న ఆవిడకి అవే. ఒక ఇంటి గుమ్మానికి తెరగా అదే అంచు. వలల మీద ఎండ పడకుండా కప్పిన పాత గుడ్డ మీద కూడా ఒక వరస, అన్నీ ఒకవైపే చూస్తూ, అన్నీ ఒక కాలి మీదే. నేను ఎప్పుడూ అడుగుపెట్టని ఊరికి నా కొట్లో పుట్టిన తప్పు నాకంటే ముందు వచ్చి కాపురం ఉంటోంది. పట్టపగలు ఎండలో నాకు భయమేసింది.

ఆ పల్లె పేరు రాయను. నాంచారయ్య అన్నది కూడా ఆయన అసలు పేరు కాదు. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నాంచారయ్య ఇల్లు

రేకుల ఇల్లు, ముందు వలల గుట్ట. నాంచారయ్య సన్నటి మనిషి, మోచేతుల దాకా ఉప్పు మచ్చలు. ఆయన భార్య తిరపతమ్మ నన్ను చూడగానే "చీరలాయన ఇంటావిడ" అంది. నేనింకా పేరే చెప్పలేదు. ఎలా గుర్తుపట్టిందంటే, "ఆయన చెప్పినట్టే ఉన్నారు, అంచు చూత్తా నడిచొచ్చారు" అంది.

పండుగప్ప పులుసు పెట్టారు. అదీ నిన్నటిది. మా ఇళ్ళల్లో చుట్టానికి నిన్నటి కూర పెడితే ఏళ్ళతరబడి చెప్పుకుంటారు. వాళ్ళకి నిన్నటి పులుసు పెట్టడమే గౌరవమట, ముక్కకి పులుపు పట్టేది మర్నాడే కాబట్టి. నిజంగానే అంత రుచి నేనెప్పుడూ ఎరగను. పక్కన వేసిన పీతల వేపుడులో డెక్క కొరకడం చేతకాక తిప్పలు పడుతుంటే తిరపతమ్మ తీసుకుని పళ్ళతో పగలగొట్టి నా కంచంలో వేసింది. నా జబ్బు తెలిస్తే ఈవిడ ఇలా చేస్తుందా అని ఒక్క క్షణం అనిపించింది.

చెయ్యి కడుక్కున్నాక ధైర్యం చేశాను. ఏమడగాలో బస్సులో వంద రకాలుగా అనుకున్నాను, ఒక్కటీ నోటికి రాలేదు. సంచీలోంచి నా మాత్రల డబ్బా తీసి చాప మీద పెట్టాను. ఇంట్లో బియ్యం డ్రమ్ములో దాచుకునే డబ్బా అది.

నాంచారయ్య దానివైపు చూశాడు. లేచి లోపలికి వెళ్ళాడు. వచ్చి, అలాంటిదే ఇంకో డబ్బా తెచ్చి నా డబ్బా పక్కన పెట్టాడు. అదే తెలుపు, అదే మూత. తిరపతమ్మ వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

"మా ఆయన ఇక్కడ మాత్ర వేసుకునేవాడా?" అన్నాను.

"నేనే ఏయించాను" అన్నాడు.

పడవలో ఎవరూ ఏదీ ఒక్కళ్ళే నోట్లో వేసుకోకూడదట. బీడీ అయినా, జంతిక అయినా ఉన్నవాళ్ళందరికీ తలో ముక్క. "ఒక్కడే మింగితే వల ఒట్టిదే వత్తదమ్మా. మా తాతలనాడు నుంచీ అంతే" అన్నాడు నాంచారయ్య. మా ఇళ్ళల్లో ఎవరి గ్లాసు వారిది, ఎవరి మాత్ర వారిది. నాకు వెంటనే తలకెక్కలేదు.

"చీరలాయన మా పడవలోనే ఈ లంకనుంచి ఆ లంకకి తిరిగేవోడు. పొద్దుగూకే ఏళకి నేను మాత్ర ఏసుకోవాల. ఎదురుగుండా ఆయన. దొంగతనంగా మింగితే పడవకి తప్పు. ఎందుకేసుకుంటన్నానో సెప్తే నా పరువు. అందుకని బలం మాత్రని సెప్పి ఇరిచేవోణ్ణి."

"సగం ఆయనకి."

"సగం ఆయనకి. ఆయన ఉన్న రోజుల్లో నాదీ సగమే."

"ఎవరికీ ఇవ్వొద్దని ఆస్పత్రిలో చెప్పలేదా?"

"సెప్పారు. పడవ సంగతి ఆళ్ళకేం తెలుసమ్మా." వల దారం లాగి ముడి బిగించాడు. "కొన్నాళ్ళకి నాకూ ఆ మందు పనిసెయ్యడం మానేసింది. మార్చారు. ఆయనకి కూడా ఈ జబ్బుందని నాకు తెలవదు. నా తల్లి మీదొట్టు, తెలవదు. ఆయనకీ తెలవదు. తెలిత్తే ఆయన మొకంలో దాగదు."

అది నిజం. మా ఆయన మొహంలో ఏదీ దాగదు. చీర అసలు ధర కూడా దాచలేక బేరంలో ఓడిపోయి వచ్చేవాడు. ఇక్కడిదాకా మోసుకొచ్చిన కోపం చేతుల్లోంచి జారిపోయింది. ఏడ్చాను. ఏడుస్తూనే నాంచారయ్య మీద కోపమొచ్చింది. సగం సగం మాత్రలు, అదీ తిరిగే రోజుల్లోనే. డాక్టరమ్మ చెప్పిన పడీపడని మందు అంటే సరిగ్గా అదే. తప్పు నకలుని తెలియకుండానే ఇద్దరూ మేపారు. ఆ మాట పైకే అన్నాను. నాంచారయ్య తల దించుకుని విన్నాడు.

అప్పుడు తిరపతమ్మ అంది, నన్ను ఓదార్చడానికే అంది పాపం. "మీరంటే ఎంత పేనమో ఆయనకి. తన ముక్కలో మళ్ళీ సగం ఇరిచి, సిగరెట్టు పెట్టెలో ఎండి కాయితం ఉంటదే, దాన్లో సుట్టుకునేవోడు. మా ఇంటిదానికి నీరసం, దానికీ వాటా ఉండాలనేవోడు. మీరు పడవలో లేరుగా అని ఈయన నవ్వితే, లేకపోవడమేంటి, మూటలన్నీ అది కట్టినయ్యే కదా అనేవోడు."

ఇంటి బయట ఎవరో మోటారు ఆపారు. నాకు ఆ వెండి కాగితం గుర్తొచ్చింది. మూట విప్పుతుంటే చీరల మడతల్లోంచి రాలేది. "బలం మాత్ర, వేసుకో, నాంచారయ్య ఇచ్చాడు" అనేవాడు ఆయన. మజ్జిగతో మింగేదాన్ని. అది మందని, ఏదో ఒక రోజు ఎవరో డాక్టరు అడిగితే చెప్పాలని నాకేం తెలుసు? మింగిన ఒక రాత్రి ఒళ్ళు తూలి, మగ్గం గుంటలో నీళ్ళు నిండిన కల వచ్చింది. పొద్దున్నే ఆయనకి చెప్పాను. నేనే చెప్పాను. "ఆమె ఇటు తిరగలేదు" అని చెప్తే, ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని చాలాసేపు కదలకుండా విన్నాడు.

ఆయన కల అనుకున్నది నా కలే. నా కలని మూటతో పాటు మోసుకెళ్ళి చల్లపల్లిలో తన కలగా చెప్పాడు. అది మళ్ళీ నా దగ్గరికే తిరిగొచ్చింది.

తిరిగొచ్చాక డాక్టరమ్మకి అంతా చెప్పాను. వైరస్‌లో ఆ మార్పు ఆయన ఒంట్లో పుట్టి నాకొచ్చిందా, నా ఒంట్లోనే పుట్టిందా, నాంచారయ్య ఒంట్లోది దానికదే విడిగా పుట్టిందా అని అడిగాను. "ఎవరిలో మొదలైందో ఈ టెస్ట్ చెప్పదండీ. మార్పు ఉందనే చెప్తుంది" అంది. కొత్త మందు పనిచేస్తోంది. పరీక్షకి చిక్కనంతగా వైరస్ తగ్గింది. అయినా పాతది పోలేదట. ఒంట్లో ఏ మూలో నిద్రపోతూ ఉంటుందట, ఆ తప్పుతో సహా. ఆ పాత మాత్రనే మళ్ళీ నమ్ముకుంటే లేచేది అదేనట. నేను బతికినన్నాళ్ళూ ఆయన విరిచి ఇచ్చిన ముక్క గుర్తు నాలో ఉంటుంది. ఇది విని ఎవరైనా భయపడాలి. నాకు భయమూ వేసింది, ఇంకేదో కూడా అనిపించింది, దానికి నా దగ్గర పేరు లేదు. అసలు ఆయనకి ఆ జబ్బు ఎక్కడ అంటిందో ఈ ప్రయాణంలో తెలియలేదు. తెలుసుకోవడానికి ఇంకో ప్రయాణం చెయ్యను.

తిరుగు పడవ

మాటల్లో పడి పంటు తప్పిపోయింది. నాంచారయ్య తన పడవలో దింపుతానన్నాడు. తిరపతమ్మ కూడా ఎక్కింది. నా మాత్ర వేళ దాటుతోందంటే, "పడవలో ఏసుకోండి, బెల్లం తెచ్చాగా" అంది.

పోటు మొదలైంది. పొద్దున వెనక్కి పోయిన నీళ్ళు అంతే చప్పుడు లేకుండా తిరిగి వస్తున్నాయి. మడచెట్ల వేళ్ళు ఒక్కొక్కటే మునిగిపోతున్నాయి. నా చెప్పు కూడా అక్కడే ఎక్కడో మునిగింది. ఒడ్డున ఆరేసిన చీరల మీద నెమళ్ళు దూరానికి చుక్కలయ్యాయి.

నది మధ్యలో నాంచారయ్య మోటారు తగ్గించి తన డబ్బా తీశాడు. నేను నాది తీశాను. ఇప్పుడు వాళ్ళ పద్ధతి వేరు. ఎవరి మాత్ర వాళ్ళు పూర్తిగా వేసుకోవాలి, పంచుకునేది బెల్లం. పడవకి తప్పు రాకుండా, మందుకి తప్పు రాకుండా తిరపతమ్మ కనిపెట్టిన దారట. ఇద్దరం మాత్రలు మింగాం.

నాంచారయ్య బెల్లం విరిచాడు. తిరపతమ్మకి ఒక ముక్క, నాకొక ముక్క, తనకొకటి. తర్వాత ఇంకోటి విరిచి, అటు చూడకుండానే, అలవాటుగా, పడవ ముందువైపు చెయ్యి చాచాడు. అక్కడ బల్ల ఖాళీ. చీరల మూట ఆనించుకుని మా ఆయన కూర్చునే చోటట అది. చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. వెనక్కి తీసుకోలేడు, నీళ్ళలో వెయ్యలేడు.

నేను లేచి వెళ్ళి ఆ బల్ల మీద కూర్చుని దోసిలి పట్టాను. "ఇలా ఇవ్వండి అన్నయ్యగారూ" అన్నాను. ఇచ్చాడు. సగం విరిచి నాంచారయ్యకి తిరిగిచ్చి, మిగతా సగం తిన్నాను.